నాలుగో బిళ్ళ

ఏలూరు, పవర్‌పేట
3 నవంబరు 2025

పూజ్యులైన అత్తయ్య గారికి,

మీ కోడలు పెర్సిస్ వందనాలు. దేవుని దయ వల్ల ఇక్కడ ఇద్దరం బాగున్నాం. స్టవ్వులో ఎడమ పొయ్యి ఒక్కటే బాగోలేదు.

ఫోనులో నేను "ఆఁ", "సరేనండి" తప్ప ఇంకేమీ మాట్లాడడం లేదని, కాగితం మీదైనా నోరు విప్పమని మీరన్నారు గదా. నిజమేనండి. మీరు ఫోనుకి స్పీకరు పెడతారు. మామయ్య గారు, మీ అమ్మాయి జాయ్సీ, పక్కింటివాళ్ళు అందరూ వింటున్నారంటే నాకు గొంతు పెగలదు. అందుకని రాస్తున్నాను. చేపల వ్యాను వెంకట్రాజు గారు రోజూ మన లంక నుంచి ఏలూరు వస్తారు గనక ఆయన చేత పంపుతున్నాను. ఇంట్లో జిగురు లేక కవరు అంటించలేదు.

"గుళ్ళో కోత పండుగ దాకా చూస్తాను. వాడి ఉద్యోగం పద్ధతిగా ఉంటే ఏలూరులోనే కాపురం ఉండండి. లేకపోతే సామాను కట్టుకుని మన చేపల చెరువు మీదకి వచ్చెయ్యండి" అని మీరన్న మాట నాకు గుర్తుంది. అసలు మీ అబ్బాయి చేసే పనేమిటో కళ్ళతో చూసి రాయమన్నారు. మొన్న క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి చూశాను.

ఆఫీసుకు బోర్డు లేదు. లోపల ఫోటోలు తీయనివ్వరు. కిటికీలన్నిటికీ నల్ల తెరలు, వెలుతురు పడితే బల్ల సరిగా పని చెయ్యదట. గది మధ్యలో మన పందిరి మంచమంత బల్ల. నలుగురు చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరి చేతిలో ఒక బిళ్ళ. దాన్ని జరుపుతారు, తిప్పుతారు, నొక్కుతారు. "నా వంతు", "చెయ్యి తియ్యి" అని అరుచుకుంటారు.

ఆ బల్లే టీవీ అండి. పడుకోబెట్టిన టీవీ. దాని మీద కొల్లేరు చుట్టూ ఉన్న చెరువులు, కాలవలు, తూములు బొమ్మల్లా కనిపిస్తాయి. ఎవరి చెరువుకు ఎప్పుడు నీళ్ళు పెట్టాలో, ఎప్పుడు వదలాలో రైతులు దాని చుట్టూ కూర్చుని అందరూ కలిసి తేల్చుకోవాలట. వేలితో ముట్టుకుంటే అది ఎవరి వేలో బల్లకు తెలియదు. అందుకని మనిషికో బిళ్ళ. ఆ బిళ్ళ ఎంత ఉండాలి, ఎంత బరువుండాలి, చేతిలో ఎలా ఇమడాలి అన్నదే మీ అబ్బాయి ఉద్యోగం. మొన్న శనివారం ఇంటికి వస్తూనే "ఈ రోజు నా ఎర్ర బిళ్ళే గెలిచింది" అని గుమ్మంలో గంతులేశారు.

మన చెరువు కూడా ఆ బల్ల మీద ఉందండి. మొదటి రోజే ఎక్కించారు. రెండు మూడు సార్లు పోయింది గానీ, రాత్రంతా కూర్చుని మళ్ళీ తెచ్చుకున్నారు.

మామయ్య గారి మోకాలు ఎలా ఉందో రాయండి.

మీ కోడలు
పెర్సిస్


చినలంక
6 నవంబరు

అమ్మాయ్ పెర్సిస్,

దీవెనలు. ఉత్తరం చేరింది. వెంకట్రాజు అది నా చేతికిస్తూనే "అమ్మగారూ, ఆ ఎడమ పొయ్యిని పిన్నీసు పెట్టి పొడవమనండి" అన్నాడు. అంటే దారిలో చదివేశాడన్నమాట. ఇకనుంచి చూసుకుని రాయి. నేనూ కొన్ని మాటలు పైకి రాయను. నువ్వే అర్థం చేసుకోవాలి.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. బోర్డు లేదు. నల్ల తెరలు. ఫోటోలు తీయనివ్వరు. నలుగురు, బల్ల, బిళ్ళలు, వంతులు. గెలిచాడట! ఇప్పుడన్నీ టీవీల్లోకి, ఫోనుల్లోకి వచ్చేశాయని నేనూ విన్నాను. నీళ్ళ సంగతి తేల్చుకోవడానికి బల్లెందుకమ్మా? గట్టు మీద నిలబడి అరిస్తే తేలుతుంది. మేమంతా అలాగే తేల్చుకుంటున్నాం.

మీ మామయ్య తమ్ముడు జాషువా కూడా ఇలాగే తెరలు కట్టిన గదిలో నలుగురితో బల్ల చుట్టూ కూర్చునేవాడు. వాడూ మొదట్లో గెలిచాననే చెప్పేవాడు. వాడి చెరువు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో ఊరంతటికీ తెలుసు. అంతకంటే రాయను.

వీటికి జవాబు రాయి. రోజూ గెలుస్తాడా? ఓడిన రోజు ఎలా ఉంటాడు? ఆ బిళ్ళలు ఎక్కడివి? మన చెరువు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? పైవాళ్ళకి ఈ సంగతి తెలుసా?

మామయ్య మోకాలు అలాగే ఉంది. ఆయనకి ఇవేమీ చెప్పలేదు.

మీ అత్తయ్య
విక్టోరియా

వెంకట్రాజూ, చదివితే చదివావు గానీ, చెరువు మీద కూర్చుని నలుగురికీ చెప్పకు.


ఏలూరు
9 నవంబరు

అత్తయ్య గారికి వందనాలు.

ఇప్పుడే గుడి నుంచి వచ్చాను. వెనక వరసలో కూర్చున్నాను, పాట కూడా పెదవులతోనే పాడాను. పిన్నీసు పెట్టి పొడిస్తే పొయ్యి వెలిగిందండి. వెంకట్రాజు గారికి థాంక్స్ చెప్పండి. లేదా ఆయనే చదువుకుంటారు.

జాషువా చిన్నమామయ్య గారికి కూడా ఈ పని వచ్చునని నాకు ఇప్పటిదాకా తెలియదు. అంత అనుభవం ఉన్న మనిషి ఊళ్ళో ఖాళీగా ఉంటే ఆఫీసువాళ్ళు పిలిచి మరీ కూర్చోబెట్టుకుంటారు. మీరు సరేనంటే మీ అబ్బాయిని అడుగుతాను.

రోజూ గెలవరండి. ఆఫీసులో దుర్గాసాయి గారని ఇంకొకాయన ఉన్నారు. ఆయనా బిళ్ళలు చేస్తారు. ఎవరిది రైతుల చేతికి బాగా అలవాటు పడితే వాళ్ళు గెలిచినట్టు. ఓడిన రోజు మీ అబ్బాయి అన్నం కెలుకుతూ కూర్చుంటారు. నిద్రలో కూడా చెయ్యి తిప్పుతూనే ఉంటారు. ఆఫీసులో కాఫీ మిషను ఉంది గనక రోజుకి ఏడెనిమిది కాఫీల మీద బతికేస్తున్నారు. బిళ్ళలు తాడేపల్లిగూడెంలో మంచం కోళ్ళు చెక్కే ఒకాయన చేత చేయించి సంచినిండా తెస్తారు. పైవాళ్ళకి అన్నీ తెలుసు. ఇరవై ఐదో తారీకున పైవాళ్ళే వస్తున్నారు. ఆ రోజు ఏమవుతుందోనని అందరూ వణుకుతున్నారు. వాళ్ళకి నచ్చకపోతే ఆఫీసు మూసేస్తారట, నచ్చితే ఉద్యోగం ఖాయమట. మన చెరువు బల్లలోనే భద్రంగా ఉంది.

తేలిక పనేం కాదండి. రైతుల తడి చేతుల నుంచి నీటి చుక్క పడితే బల్ల దాన్ని కూడా మనిషే అనుకుంటుంది. మొన్న దుర్గాసాయి గారు టీ గ్లాసు పెడితే అదొక బిళ్ళ అనుకుని భీమడోలు వైపు తూము ఎత్తేసింది. ఆయన టీ తాగి గ్లాసు తీసే లోపల అటువైపు చెరువులన్నీ ఖాళీ. బొమ్మలోనే లెండి.

అన్నిటికంటే పెద్ద చిక్కు మర్యాదట. నలుగురు రైతులను పిలిచి కూర్చోబెడితే "మీరు తిప్పండి", "అబ్బే, తమరే తిప్పాలి", "పెద్దవారు, మీ ముందు నేనా అండీ" అనుకుంటూ గంట గడిపారు. ఒక్క తూమూ కదలలేదు. పెద్దాయన చెయ్యి బల్ల మీదకి వస్తే మిగతావాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టేసుకుంటారు. అందరూ ఒకేసారి పని చెయ్యాలని చేసిన బల్లండి అది.

ఇంకొక సంగతి. ఆఫీసుకు పెద్ద శ్రావ్య గారు, ఆవిడ ఆడమనిషే, "నాలుగో మనిషి కావాలి, ఇలాంటివి ఎప్పుడూ ముట్టుకోని మనిషి" అని నన్ను కూర్చోబెట్టారు. దుర్గాసాయి గారి ముందు నుంచి చెయ్యి చాపలేక బిళ్ళను కొంగులో దాచుకున్నాను. మీ అబ్బాయి అది చూసి, గరిటెలా పొడుగు పిడి ఉన్న బిళ్ళ నా కోసం చేయించారు. దాంతో కూర్చున్న చోటు నుంచే కొల్లేరు అవతలి గట్టు అందుతుంది.

మీ మాట కోసం చూస్తూ,
పెర్సిస్


చినలంక
13 నవంబరు

పెర్సిస్,

ఈసారి దీవెనలు చివర రాస్తాను. ముందు విషయం.

నిన్ను కూడా కూర్చోబెట్టాడా! కట్టుకున్న భార్యని! గరిటె కూడా చేయించి ఇచ్చాడా! జాషువా ఎంత చెడినా మీ చిన్నత్తను ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. వాడిని పిలుస్తానంటావేమిటి? వాడు అన్నీ మానేసి ఇప్పుడు గుళ్ళో కానుక పళ్ళెం పడుతున్నాడు. వాడి చెవిన ఈ మాట వెయ్యకు.

ఇకమీదట నువ్వు ఆ గదిలో అడుగు పెట్టావో, నా మీద ఒట్టే.

నిన్న బుధవారం ప్రార్థన కూటంలో "ఏలూరులో ఉన్న ఒక తమ్ముడు ఒక అలవాటులో పడ్డాడు, విడిపించు ప్రభువా" అని పేరు చెప్పకుండా ప్రార్థన పెట్టించాను. కూటం అయ్యాక అందరూ వరసగా వచ్చి "క్రాంతికి ఎలా ఉందండీ?" అని అడిగారు. వెంకట్రాజు గుమ్మం దగ్గర నేల చూపులు చూస్తున్నాడు.

వాడి చేత ఆ అలవాటు మాన్పించడం నీ చేతిలో ఉంది. పోట్లాడకు. మెల్లగా తగ్గించు.

జాయ్సీ నీకు కందిపొడి పంపుతోంది. వెంకట్రాజూ, అది చదివే వస్తువు కాదు, తినే వస్తువూ కాదు.

దీవెనలు.

విక్టోరియా


ఏలూరు
17 నవంబరు

అత్తయ్య గారికి పెర్సిస్ నమస్కరించి రాయునది.

కందిపొడి చేరింది, సగం సీసా. చాలా రుచిగా ఉందండి, వెంకట్రాజు గారు కూడా అదే అన్నారు.

మీరు ఒట్టు పెట్టాక నేను ఆ గదివైపు వెళ్ళలేదు. మగవాళ్ళ సరసన బల్ల దగ్గర కూర్చోవడం తప్పని నాకే తోచాల్సింది. క్షమించండి.

అలవాటు సంగతి. మీ అంతటివారే పైకి రాయలేదు గనక నేనూ దాని పేరు రాయను. మీ అబ్బాయికి మెల్లగా చెప్పి రోజుకి రెండుకి దించాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అదీ పంచదార లేకుండా. పూర్తిగా మానితే తల పగిలిపోతుందంటున్నారు. సాయంత్రం ఒక్కరే అయితే దిగులుగా ఉంటారని నేనూ తోడు కూర్చుంటున్నాను. ఊరంతా దీని గురించి ప్రార్థన చేశారని చెబితే ఆయన "దీనికా?" అని రెండు సార్లు అడిగారు.

నేను వెళ్ళకపోవడంతో ఆఫీసులో ఇబ్బందిగా ఉంది. పైవాళ్ళ ముందు నలుగురు కూర్చుని పని చేసి చూపించాలట. వాచ్‌మన్ బాబీ గారిని కూర్చోబెడితే బల్ల మీద తల వాల్చి నిద్రపోయారు. బల్ల ఆయన చెవిని బిళ్ళ అనుకుంది. ఆయన అటు తిరిగి పడుకునేసరికి కైకలూరు మునిగిపోయింది. శ్రావ్య గారు మా ఇంటికి వచ్చి "నువ్వు బల్లకు సరిపోవడం కాదమ్మా, బల్లే నీకు సరిపోవాలి. అందుకే నువ్వు కావాలి" అన్నారు. "మా అత్తయ్య గారు వద్దన్నారండి" అన్నాను. మీ అబ్బాయి "మా అమ్మకి బల్ల మీద కోపమేమిటి?" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఒక్క మాట రాయనా? అక్కడ కూర్చోవడం నాకు భయమే. కానీ చివరి రోజున నా గరిటె బిళ్ళతో మన లంక తూము తిప్పితే నీళ్ళు నీలంగా పారాయండి. ఎవరూ నన్ను చూడడం లేదు, అందరూ నీళ్ళనే చూస్తున్నారు. నాకు అది బాగుంది.

మీ పాదాలకు దణ్ణం పెడుతూ,
పెర్సిస్


చినలంక
20 నవంబరు

పెర్సిస్,

రెండు! పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి! తోడుగా నువ్వు! పంచదార లేకుండా అంటే ఏమిటో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. ఆ గదిలో భాష అయి ఉంటుంది. పైగా నీకు కూడా బాగుందట! ఇంత నెమ్మదైన పిల్ల అని వెతికి చేసుకున్నందుకు నాకు మంచి శాస్తి జరిగింది.

ఇక ఉత్తరాలతో లాభం లేదు. పైవాళ్ళు వచ్చి పట్టుకునే లోపల వాడిని బయటికి లాగాలి. మీ మామయ్యకి చెప్పేశాను. "మన చెరువు మీదే ఆడుతున్నాడా!" అని మోకాలు మరిచిపోయి లేచి నిలబడ్డారు. రెండు రకాల మాత్రలు చెయ్యలేని పని ఇది చేసింది.

ఇరవై ఐదున పొద్దున్నే వెంకట్రాజు వ్యానులో ఇద్దరం నేరుగా ఆఫీసుకు వెళ్తాం. అట్నుంచి మీ ఇంటికి వస్తాం. కోత పండుగ దాకా ఆగేది లేదు. సామాను కట్టి ఉంచు. వాడికి చెప్పకు.

విక్టోరియా


ఏలూరు
25 నవంబరు, సాయంత్రం

అత్తయ్య గారికి,

పొద్దున్నుంచి సామాను కట్టుకుని చాప చుట్ట మీద కూర్చున్నాను. స్టవ్వు కూడా విప్పేశాను. మీరు రాలేదు. ఇందాక మీ అబ్బాయి వచ్చారు. మూటలు చూశారు. "ఏమైందండీ?" అన్నాను. "మా అమ్మ" అన్నారు. అని గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టారు. మళ్ళీ "మా అమ్మ" అంటారు, మళ్ళీ నవ్వుతారు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నారు గానీ మూడో మాట బయటికి రావడం లేదు.

నాకు ఏడుపొస్తోందండి. ఉండాలా, రావాలా? అక్కడ ఏం జరిగిందో మీరే రాయండి. వెంకట్రాజు గారు ఫోను చేసి రేపు పొద్దున ఇటు వస్తానన్నారు, ఆయనా నవ్వుతున్నారు.

పెర్సిస్


చినలంక
26 నవంబరు

అమ్మాయ్,

మొదట ఒక మాట రాసేసి తర్వాత ఊపిరి తీసుకుంటాను. పేకాట అనుకున్నాను. రాసేశాను. వెంకట్రాజూ, చదువుకో, ఇక దాచడానికి ఏమీ లేదు.

తెర లాగి లోపలికి వెళ్ళాం. నువ్వు రాసినట్టే ఉంది అంతా. బల్ల, బిళ్ళలు, నలుగురు పెద్దమనుషులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఒరేయ్ క్రాంతీ, లేవరా అక్కడి నుంచి!" అన్నాను.

"అమ్మా! పెద్దవాళ్ళున్నారమ్మా!"

"ఉంటే ఉండనీ. వాళ్ళకీ అమ్మలున్నారు."

బల్ల మీద ఉన్న బిళ్ళలన్నీ రెండు చేతులతో ఊడ్చి నా సంచిలో వేసుకున్నాను. అంతే. ఆ బిళ్ళలు ఆపి ఉంచిన తూములన్నీ ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. బల్ల మీద నీళ్ళు పొంగుకొచ్చాయి. మీ మామయ్య వంగి చూసి "ఒసే విక్టోరియా! మన పడమటి గట్టు పోతోందే!" అని గావుకేక పెట్టారు.

"ఎక్కడండీ?"

"అదిగో, బోదె కాలవ మలుపు దగ్గర! బిళ్ళ పెట్టు! పెట్టవే!"

సంచిలో చెయ్యి పెడితే నీ గరిటె దొరికింది. పెట్టి తిప్పాను. గట్టు నిలబడింది. అమ్మయ్య అనుకునే లోపల మీ మామయ్య ఒక బిళ్ళ తీసుకుని మురుగు కాలవ తెరిచారు. "ముందు మంచినీళ్ళ కాలవ మూయాలండీ, మీకు ఎప్పుడు తెలుస్తుంది?" అన్నాను. "నీకేం తెలుసు, నువ్వు గట్టెక్కి ఎన్నాళ్ళయింది?" అన్నారు. ఇద్దరం చెరో వైపు నుంచి తిప్పుకున్నాం. ఆ పెద్దమనుషుల్లో కళ్ళజోడాయన ఆగలేక తనూ ఒక బిళ్ళ పట్టుకుని "అట్నుంచి వదిలితే కిందివాళ్ళు మునుగుతారమ్మా" అని చెయ్యి చాపారు. "చెయ్యి తియ్యండి, ఇది నా వంతు" అని ఆయన చేతి మీద ఒక్కటి వేశాను. తీసేశారు. తర్వాత క్రాంతి అడ్డొచ్చాడు, వాడికీ పడింది. నలుగురం కలిసి మొత్తం లంకకి నీళ్ళు సర్దేసరికి నా జడ ఊడిపోయింది.

అప్పుడు తలెత్తి చూశాను. ఆ శ్రావ్య అనే అమ్మాయి ఏదో రాసుకుంటోంది. కళ్ళజోడాయన చెయ్యి రుద్దుకుంటూ "ఒకేసారి నలుగురు ముట్టుకోవడం ఇవాళే చూశాం" అన్నారు. వాళ్ళకి బల్ల నచ్చిందట. వాడి ఉద్యోగం ఖాయమట. నాకు అప్పుడు తెలిసింది వాళ్ళు పోలీసులు కారని. అవమానం తట్టుకోలేక, వ్యానులో చేపల మీద ఐసు కరిగిపోతోందని చెప్పి, నీకు మొహం చూపించకుండా వచ్చేశాను.

కాబట్టి మూటలు విప్పు. ఏలూరులోనే ఉండండి. నీకు పెట్టిన ఒట్టు నేనే తీసేస్తున్నాను.

ఇంకో మంచి మాట. వారంవారం మంగళవారం వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చోమని ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది. నీకు సిగ్గు గదా, నీ చోట్లో నేనే కూర్చుంటాను. మీ మామయ్య కూడా వస్తారు. సోమవారం సాయంత్రమే వచ్చి బుధవారం దాకా ఉంటాం. ఒక్క గదైతే ఏం, మధ్యలో చీర కట్టుకుంటే సరిపోతుంది. ఆయన గురక నీకు నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది.

సంతోషంగా,
విక్టోరియా


ఏలూరు
1 డిసెంబరు

ప్రియమైన అత్తయ్య గారికి,

మీ కోడలు పెర్సిస్ ప్రేమతో వందనాలు. మూటలు విప్పాను. నేను మాన్పించిన అలవాటు కాఫీ అండి. మీ అబ్బాయికి ఈ సంగతి చెబితే వరసగా మూడు తాగారు, పంచదార వేసుకుని.

మొన్న శుక్రవారం నేనే ఆఫీసుకు వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. శ్రావ్య గారి గది ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆవిడ తలెత్తి "ఏమ్మా?" అనేసరికి వెనక్కి తిరిగి రెండడుగులు వేశాను. మళ్ళీ వచ్చి "నాలుగో చోటు నాదండి" అన్నాను. అంతే చాలన్నారు. ఆ సాయంత్రం నా బిళ్ళను బల్ల మధ్య దాకా జరిపాను. దుర్గాసాయి గారు అడ్డొచ్చి "మీరు ముందు కానివ్వండి" అన్నారు. "సరేనండి" అని నేనే ముందు తిప్పాను.

మీరు, మామయ్య గారు మంగళవారాలు తప్పకుండా రండి. మీ ఇద్దరికీ వేరే బిళ్ళలు తయారవుతున్నాయి. మీది బరువుగా చేయిస్తున్నారు, విసిరేసినా పగలకుండా. మధ్యాహ్నం బొచ్చె చేప పులుసు పెడతాను.

రాత్రికి ఉంటామన్నారు. ఇది నోటితో ఎప్పటికీ అనలేను గనక రాస్తున్నాను. మధ్యలో చీర కట్టినా గది ఒక్కటేనండి. పెళ్ళయ్యాక మా ఇద్దరికీ ఇదే మొదటి గది. సాయంత్రం ఐదున్నరకి భీమడోలు మీదుగా బస్సుంది. మిమ్మల్ని నేనే స్టాండు దాకా తీసుకొస్తాను. మామయ్య గారి మోకాలికి ఇబ్బంది లేకుండా ముందు వరసలో కిటికీ పక్క సీటు కావాలని కండక్టరుతో నేనే మాట్లాడతాను, గట్టిగానే మాట్లాడతాను. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చెయ్యి ఊపుతానండి.

మీ కోడలు
పెర్సిస్